వారంటీ ఉన్నన్నాళ్ళు

ఆదివారం, పొద్దున్న
జెట్టీ పక్క ఇల్లు

చిరంజీవి బావమరిదికి,

నీ బావ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అక్కా క్షేమం. మీ అక్క మోకాలు ఎప్పటిలాగే ఉంది, నా నోరు కూడా ఎప్పటిలాగే ఉంది. అక్కడ నువ్వూ, చెల్లెమ్మా, పాపా క్షేమమని తలుస్తాను. నీ పడవ కూడా క్షేమంగా ఉండాలని ఏడాదిగా ఒక్కసారైనా తలచుకున్న పాపాన పోలేదు. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోనులో అయితే నేను రెండు ముక్కలు అనేలోపు నువ్వు పది అంటావు. స్పీకరు పెట్టమని మీ అక్క పక్కనే నిలబడుతుంది. ఆవిడ ముందు అనలేని మాటలు కొన్ని ఉన్నాయి. పైగా నువ్వడిగినదానికి నేనింకా జవాబు చెప్పలేదు. నెలాఖరుకి వారంటీ అయిపోతోందనీ, డబ్బు కడితే ఇంకో ఏడాది పొడిగిస్తామంటూ కంపెనీవాళ్ళు శుక్రవారం దాకా గడువిచ్చారనీ, బావ ఉండగా ఆ దండగెందుకనీ, ఒకటో తారీఖున సెలవు పెట్టి వచ్చి ఇంజను మూత మీది సీలు నా చేత్తోనే తీయిస్తాననీ అన్నావు కదా. అది విని మీ అక్క నావైపు చూసింది. నేను పేపరు చదువుతున్నట్టు ముఖం దాచుకున్నాను.

ముందు నా కడుపులో ఉన్నది కక్కేస్తాను. నాకు కుళ్ళుగా ఉందిరా. నువ్వు పడవ కొన్నావని కాదు. సరే, అదీ కొంచెం ఉందనుకో. తెల్లగా పాలరాయిలా ఉండి, పాటలు పాడే పెట్టె ఒకటీ, గ్లాసులు పెట్టుకోవడానికి గుంటలూ ఉన్న పడవని చూస్తే ఎవడికైనా కళ్ళు కుడతాయి. కానీ అసలు మంట అది కాదు.

మన ముసల్దాన్ని గుర్తు తెచ్చుకో. చెక్క పడవ, దానికి నా షాపులో పడున్న నీటిపంపు ఇంజను. మనం దాంట్లో తిరిగినదానికన్నా దాన్ని బాగుచేసిందే ఎక్కువ. నేను బోర్లా పడుకుని చెయ్యి లోపలికి దూరిస్తే నువ్వు టార్చి పట్టుకునేవాడివి. పన్నెండో నంబరు పానా నేను అడగకముందే నా అరచేతిలో ఉండేది. మధ్యాహ్నానికి అది దగ్గి దగ్గి రాజుకుంటే, ఒడ్డున ఉన్నవాళ్ళంతా నవ్వితే, మనిద్దరం ఓడ నడుపుతున్నంత గర్వంగా వెళ్ళేవాళ్ళం. షాపు అమ్మేశాక నాకు మిగిలిన పని ఆ ఆదివారాలే. నువ్వు దాన్ని ఇచ్చేసి కొత్తది తెచ్చినప్పుడు కూడా నేను పెద్దగా ఏడవలేదు. ఇంజను మారినా ఆదివారం మారదు కదా అనుకున్నాను.

కొత్తది నీళ్ళలో దించిన రోజు జరిగింది నీకు గుర్తుండదు, నాకుంది. ఇంజను మూత మీద చెయ్యి వేశానో లేదో, అమ్మిన కుర్రాడు పరిగెత్తుకొచ్చి, సార్ సార్, సీలుంది, కంపెనీ మనిషి తప్ప ఇంకెవరు విప్పినా వారంటీ పోతుంది అన్నాడు. వాడన్నాడు, సరే. వాడి ఉద్యోగం వాడిది. నువ్వేమన్నావు? బావా, కొంచెం చెయ్యి తియ్యండి అన్నావు. జీవితమంతా మోటార్లు విప్పిన చెయ్యిరా అది. తీసి జేబులో పెట్టుకున్నాను. ఏడాదిగా అక్కడే ఉంది.

అందుకే, మొదటి వారంలోనే పడవ అడుగున నీళ్ళు కనబడితే నా కడుపు చల్లబడింది. నిజం చెబుతున్నాను. మన ముసల్ది కారిందంటే వయసు మీద పడి కారింది, ఇది పుట్టుకతోనే కారింది. పైన పటారం, లోన లొటారం అని మీ అక్కకి చెప్పి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. తర్వాత పెట్రోలు ముల్లు. సరస్సు నడిమధ్య ఇంజను ఆగిపోయి, మనిద్దరం తెడ్లు వేస్తుంటే కూడా ట్యాంకు నిండుగా ఉందనే చూపించింది మహాతల్లి. ఆ తర్వాత పంపు. నీళ్ళు చేరగానే తనంతట తనే తోడెయ్యాల్సిన పంపు, నీళ్ళలో హాయిగా నిద్రపోయింది.

నువ్వు కంపెనీల చుట్టూ ఫోన్లు చేస్తుంటే పక్కన కూర్చుని విన్నాను కదా. అమ్మినవాడు, లీకు మా పని కాదు, తయారుచేసినవాళ్ళని అడగండి అన్నాడు. వాళ్ళు ఫొటోలు పంపమన్నారు. పంపావు. ఫొటోలో నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో కనబడటం లేదు, వీడియో పంపమన్నారు. అదీ పంపావు. పంపు మాది కాదన్నారు. పంపువాళ్ళేమో, మాది బంగారంలా ఉంది, బిగించినవాళ్ళకే చేతకాలేదన్నారు. చివరికి ఒకావిడ తియ్యగా, వాడకంలో వచ్చిన అరుగుదలకి వారంటీ వర్తించదు సార్ అంది. సీట్ల మీద ప్లాస్టిక్ కవరు కూడా తియ్యని పడవకి అరుగుదలట! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. పడవ ఒకరిది, ఇంజను ఒకరిది, పంపు ఇంకొకరిది, నీళ్ళు మాత్రం నీవి. నువ్వు తల పట్టుకుంటే నేను అయ్యో అయ్యో అన్నాను. ఆ అయ్యోలలో ఎంత పంచదార ఉందో మీ అక్కకి తెలుసు.

ఆ సంతోషం ఎన్నాళ్ళో లేదు. వచ్చాడు అల్లుడుగారు.

కంపెనీ మెకానిక్కుకి ఆ పేరు నేనే పెట్టాను. పెట్టక ఏం చెయ్యను? కొత్త అల్లుడికి కూడా అంత మర్యాద జరగదు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబు మీద కంపెనీ గుర్తు, చంకలో లాప్‌టాప్. ఎక్కడా గ్రీజు మరక లేదు. మరక లేని మెకానిక్కుని నేను జన్మలో నమ్మలేదు. నువ్వేమో, రా తమ్ముడూ, ఇలా నీడలో కూర్చో తమ్ముడూ, అంటూ ఒకటే హడావుడి. వాడు ఇంజనుకి ఒక వైరు తగిలించి, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, రోగి నాడి చూసినట్టు చూశాడు. నువ్వు ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చావు. ఎందులో ఇచ్చావు? నా నీలం మగ్గులో. అంచున పెచ్చు ఊడి, ఏ వైపునుంచి తాగాలో నా పెదవికి మాత్రమే తెలిసిన మగ్గులో. నాకు పేపరు కప్పు. ఆ టీ నేను నీళ్ళలో పారబోశాను, నువ్వు చూడలేదు.

ఇంటికొచ్చి రుసరుసలాడుతుంటే మీ అక్క, మీకు సవతిపోరు మొదలైనట్టుందే అంది. ముసలాడికి మెకానిక్కు సవతేమిటే అన్నాను. అన్నానే కానీ, ఆ మాట వదల్లేదు నన్ను.

తర్వాత నీకు బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ నా చేతిలో జెట్టీ గేటు తాళంచెవి పెట్టి, తమ్ముడు వచ్చినప్పుడల్లా కాస్త తీసిపెట్టండి బావా అన్నావు. టార్చి పట్టించినవాణ్ణి, చివరికి గేటు తీసేవాణ్ణయ్యాను. వాడు వచ్చినప్పుడల్లా బావగారూ అని పిలుస్తాడు. నువ్వు పిలుస్తావు కాబట్టి వాడూ పిలుస్తాడట! ఆ పిలుపుకి నువ్వు మీ అక్కని నాకిచ్చి చేశావు. వాడేమిచ్చాడు? పోనీ అదీ ఓర్చుకున్నాను. ఒకరోజు పంపు విప్పుతూ విప్పుతూ, పాపకి జ్వరం తగ్గిందట కదా బావగారూ అన్నాడు. నా మేనకోడలికి జ్వరమొచ్చిందని నాకు తెలియదు! కంపెనీవాడికి తెలుసు! ఆ రోజు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. నువ్వు వాడికి వారానికి రెండుసార్లు ఫోను చేస్తావు, నాకు ఒక్కసారి. అదీ వాడు వస్తున్నాడని చెప్పడానికే.

ఇక పోయిన బుధవారం సంగతి. లీకు దొరికిందని నీకు తెలుసు. వెనక, నీళ్ళలోకి దిగే నిచ్చెన బిగించిన మరల చుట్టూ బంక పట్టించడం ఫ్యాక్టరీలో ఎవరో మరిచిపోయారు. పడవ ఖాళీగా ఉన్నప్పుడు ఆ మరలు నీటికి పైన ఉంటాయి. మనుషులెక్కి వెనక బరువు పడితే మునుగుతాయి, అప్పుడు కారుతుంది. ఖాళీ పడవని ఎన్నిసార్లు పరీక్ష చేసినా చుక్క రాకపోవడం అందుకే. అల్లుడుగారు మరలన్నీ తీసి, బంక పట్టించి, మళ్ళీ బిగించాడు. పంపు స్విచ్చూ, పెట్రోలు ముల్లూ కూడా మార్చాడు. పైసా అడగలేదు. మొన్న వెళ్ళి, వెనక బరువు పడేలా కాసేపు ఉండి, అడుగున చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది.

వాడు అక్కడినుంచే నీకు ఫోను చేసి, బావగారే పట్టుకున్నారు సార్, నాదేం లేదు అన్నాడు. ఆ సాయంత్రమే నువ్వు నాకు ఫోను చేసి, నాకు తెలుసు బావా, ఎన్ని కంప్యూటర్లొచ్చినా మీ చేతిముందు దిగదుడుపే అని అరిచావు. వారంటీ పొడిగించనన్నది, సీలు నా చేత తీయిస్తానన్నది ఆ ఊపులోనే. నేనేమన్నానో గుర్తుందా? ఊఁ అన్నాను.

కాబట్టి ఇదీ నా జవాబు. అలాగే. ఒకటో తారీఖున రా. పనిముట్ల పెట్టెకి నూనె రాసి ఉంచుతాను. నువ్వు టార్చి తీసుకురా, బ్యాటరీలు కొత్తవి వెయ్యి. అల్లుడుగారికి ఇక సెలవని చెప్పు. నీలం మగ్గు కడిగి పెట్టు.

పాపకి ముద్దులు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
ఏడాదిగా చెయ్యి జేబులో పెట్టుకున్న
నీ బావ

తా.క. కవరు అంటించాను. టిఫిను తిన్నాను. మళ్ళీ వచ్చి చింపాను. ఇది మీ అక్కకి చదివి వినిపించకు.

ఆ లీకు నేను పట్టుకోలేదు. అల్లుడుగారు రావడానికి ముందు రెండు సాయంత్రాలు ఒక్కణ్ణే వెళ్ళి, అడుగు పలకలు లేపి, టార్చి నోట్లో కరుచుకుని, ప్రతి గొట్టమూ తడిమాను. ఒక్క చుక్క దొరకలేదు. బుధవారం వాడొచ్చి కాసేపు ఆలోచించి, బావగారూ, మీరోసారి ఆ వెనక సీట్లో కూర్చుంటారా అన్నాడు. నన్ను పక్కకి తప్పిస్తున్నాడని ఒళ్ళు మండింది. కూర్చున్నాను. వెనక భాగం దిగింది, మరల సందుల్లోంచి నీళ్ళొచ్చాయి. నేను చేసింది అంతే. కూర్చున్నాను. అందులో నా విద్య ఏమీ లేదురా, షాపు అమ్మేశాక పెరిగిన నా బరువే ఉంది.

వాడు నీతో ఫోనులో ఆ మాట అంటున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. కాదని తల ఊపొచ్చు. నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాను. వాడు అలా ఎందుకన్నాడో ఇప్పటికీ తెలియదు. వాణ్ణి తిట్టుకోవడానికి నాకు మిగిలిన ఒక్క కారణాన్ని కూడా పాడుచేశాడు.

తర్వాత వాడు, మళ్ళీ కొత్త సీలు వేసేస్తాను కదా అంటూ పాత సీలు తెంపి, ఇంజను మూత తీసి, రండి బావగారూ, చూద్దురుగాని అని పిలిచాడు. ఏడాదిగా ఎదురుచూసిన మూత. వంగి చూశాను. అన్నీ నల్ల డబ్బాలు, వైర్లు. అందులో నేను గుర్తుపట్టింది నూనె పోసే మూత ఒక్కటే. వాడు ఒక్కొక్కటీ ముట్టుకుని, ఓపిగ్గా, పెద్దవాడికి చెప్పినట్టే చెప్పాడు. నేను ప్రతిదానికీ తలూపాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. నా కుళ్ళు మగ్గు గురించి కాదురా, ఫోన్ల గురించీ కాదు. ఆ ఇంజను వాడి చేతులకి తెలుసు, నా చేతులకి తెలియదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఏడాదంతా ఆ సీలుని తిట్టాను. నా పరువు కాపాడిందే ఆ సీలు. అది ఉన్నన్నాళ్ళు, ముట్టుకోనివ్వలేదు కాబట్టి ఊరుకున్నానని చెప్పుకోవచ్చు. ఒకటో తారీఖున నువ్వు టార్చి వేసి, ఆశగా నా ముఖంలోకి చూస్తావు. అప్పుడు నేనేం చెయ్యను?

అందుకని, నాయనా, శుక్రవారంలోపు డబ్బు కట్టెయ్యి. పొడిగించు. కంపెనీవాళ్ళే పట్టుబట్టారని మీ అక్కతో చెప్పు. ఒకటో తారీఖున మాత్రం రావడం మానకు, అల్లుడుగారినీ రమ్మను. ఈసారి టార్చి నేను పట్టుకుంటాను, పన్నెండో నంబరు పానా అడగకముందే వాడి చేతిలో పెడతాను.

టీ మాత్రం వాడికి వేరే కప్పులో ఇవ్వు.