గొడుగు చాటు ముఖం

నవంబర్ 9, ఆదివారం

చర్చి నుంచి రాగానే అన్నం కూడా తినకుండా సినిమా పెట్టుకున్నాను. తమిళం. కింద అక్షరాలు కూడా లేవు. మా క్వయర్‌లో డోలక్ వాయించే సుందర్ ఫోన్‌లో ఎక్కించి ఇచ్చాడు. భాష రాకున్నా ఫరక్ పడదట.

నిజంగానే పడలేదు. ఉప్పు మళ్ల దగ్గర కూలీల హాజరు రాసే అమ్మాయి, ఉప్పు లారీ నడిపే అబ్బాయి... అంతే కథ. ఎటు చూసినా తెల్లటి ఉప్పు, అందులో ఆమె నల్ల గొడుగు ఒక్కటే కదులుతూ. కంగ్టి దారిలో పత్తి పగిలినప్పుడు ఎండకు కళ్లు చికిలిస్తామే, ఫోన్‌ను అట్లా చూశాను.

ఆ ఒక్క ఘట్టం — అబ్బాయి పెళ్లి మాట అడుగుతాడు. ఆమె ఏమీ అనదు. గొడుగు కర్రను వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతుంది. పెదవి చివర కాస్త కదులుతుంది. కళ్లు నిండుతాయి, కారవు. ఒప్పుకుందని మనకు తెలిసిపోతుంది. ఇంత తక్కువతో ఇంత చెప్పొచ్చా? నా ముప్పై మూడేళ్ల మాటలన్నీ దండగ అనిపించింది.

నవంబర్ 11

హార్మోనియం మీద ఆ సినిమా రాగం పట్టుకున్నాను. మూడే స్వరాలు. నాదస్వరం, దాని కింద ఎక్కడో దూరంగా లారీ ఇంజను. పాటలు కట్టేవాళ్లు బోలెడు మంది, ఎక్కడ ఆపాలో తెలిసినవాడు ఈ సినిమాకు సంగీతం కట్టినాయనే.

వంటింట్లోంచి అమ్మ — "గదే గదే వాయిస్తున్నవ్, పెట్టె ఖరాబైందా?"

నవంబర్ 14

బడిలో బాలల దినోత్సవం. స్పీకర్లు, చెవులు పగిలే పాటలు. నా తలలో మాత్రం నాదస్వరమే.

నవంబర్ 16, ఆదివారం

క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలైంది. అయిపోయాక సుందర్‌ను మాటలకు అర్థాలు అడిగాను. ఇక్కడ మోటారు వైండింగ్ షాపు పెట్టకముందు నాలుగేళ్లు తిరుప్పూర్ బనియన్ల కంపెనీలో చేశాడు, తమిళం బాగా వచ్చు. సినిమా ఆరుసార్లు చూశాడట. ఒక్కో సీనూ చెబుతుంటే మనిషి మొహం వెలిగిపోతోంది. గొడుగు దగ్గర ఆమె ఏమంటుందని అడిగాను.

"గాడ మాట లేదు టీచర్. ఆమె ఏమనలే. అంత ముఖంలనే ఉంది."

ఆ తర్వాత ఇద్దరం కలిసి చాపలు చుట్టి పెట్టాం. బాగుంది.

నవంబర్ 20

అమ్మకు చూపిద్దామని తెలుగు డబ్బింగ్ వెతికి పెట్టాను. ఎందుకు పెట్టానో! గొడుగు దగ్గర ఆమె నోరు మూసుకునే ఉంది, పైనుంచి ఎవరిదో గొంతు — "నాకు ఇష్టమే" అని. బంగారు గిన్నెలో గంజి పోసినట్టు. చెంప పగలగొట్టాలి ఆ మాట రాసినవాణ్ని. అమ్మేమో — "ఇప్పుడు సమజైంది. లేకుంటే ఎట్ల తెలుస్తది?" అంది. ఈమెతో సినిమా చూడటం ఇదే ఆఖరు.

నవంబర్ 23, ఆదివారం

ప్రాక్టీసు అయిపోయింది. అందరూ వెళ్లారు. డోలక్‌కు గుడ్డ కడుతూ సుందర్ అడిగాడు — "మా పెద్దమ్మను మీ ఇంటికి పంపియ్యాల్నా, టీచర్?"

తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ సిర్గాపూర్ పెద్దమ్మే. ఆమె మా ఇంటికి ఎందుకొస్తుందో విడమర్చి చెప్పక్కర్లేదు.

నేను ఏమీ అనలేదు. చర్చి హార్మోనియం పెట్టె మూసి, వంగి, తాళంచెవి మెల్లగా తిప్పాను. అచ్చం గొడుగు కర్రలాగే. కళ్లు నిండాయి, కారలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు, నాది పూర్తి అంగీకారం. ఇంటిదాకా నేల మీద నడిచానో లేదో తెలియదు. సంతోషంగా ఉంది. రాసుకోవడానికి సిగ్గెందుకు? చాలా సంతోషంగా ఉంది.

నవంబర్ 27

అమ్మకు చెప్పాను. వెంటనే గ్లాసులన్నీ తీసి తోమింది. తాగరుగా, ఎందుకు తోమడం అంటే నవ్వింది. మాట ఖాయమయ్యేదాకా పిల్లవాడి తరఫువాళ్లు పిల్ల ఇంట్లో నీళ్లు కూడా ముట్టరు, అది మాలో ఉన్నదే. అయినా ముందు పెట్టాలి, వాళ్లు వద్దనాలి. అదో మర్యాద.

నవంబర్ 30, ఆదివారం

సుందర్ రాలేదు. డోలక్ లేకుండా పాడాం. ఉప్పు లేని పప్పు.

డిసెంబర్ 3

పెద్దమ్మ వచ్చింది. కొంగులో పచ్చి కందికాయలు. అమ్మ రివాజు ప్రకారం చాయ్ పెట్టింది. ఆమె గ్లాసు అందుకుని హాయిగా ఊదుకుంటూ తాగింది. అమ్మ నా వైపు చూసింది.

"మాట నడుస్తుంటే తాగకపోదును. పిల్లకు ఇష్టం లేదాయె, ఇగ చాయ్‌కి ఏమొచ్చె. అడిగితే తల గూడ ఎత్తలేదంట."

కోపమేమీ లేదట, మా ఖేడ్‌కు ఏదో పనిబడి వచ్చి చూసిపోదామనుకుందట. క్రిస్మస్ కాగానే సుందర్ షాపు ఎత్తేసి మళ్లీ తిరుప్పూర్ పోతాడట.

గడప దగ్గరే నిలబడ్డాను. బడిలో నలభై మంది పిల్లలను నోరు తెరిచి జవాబు చెప్పమని గద్దించే టీచర్ని... ఆ పెద్దావిడ ముందు ఒక్క ముక్క రాలేదు. ఆమె పోయాక అమ్మ అంది — "ఇంట్లనేమో నూరు మాట్లాడ్తవ్. గాడ ఒక్కటి రాకపాయెనా?"

డిసెంబర్ 5

బడి నుంచి వచ్చి మళ్లీ ఆ ఘట్టం పెట్టాను. ఈసారి అమ్మాయిని వదిలేసి అబ్బాయిని చూశాను. అతను గొడుగుకు అవతల ఉన్నాడు. ఇన్నాళ్లూ గమనించలేదు. పెదవి, కళ్లు... అవన్నీ కెమెరాకు. అంటే నాకు. అతనికి కనబడేది నల్ల గుడ్డ ఒక్కటే. అయినా అర్థమైనట్టు నవ్వుతాడు, ఎందుకంటే అది సినిమా.

వంగి తాళం వేస్తుంటే సుందర్‌కు కనబడింది నా పాపిట.

ఆమె నటన మీద గౌరవం మాత్రం రవ్వంత తగ్గలేదు. ఇప్పుడు చూసినా కళ్లు తడుస్తాయి. కానీ డబ్బింగ్ రాసినవాడి చెంప వదిలేస్తున్నాను. వాడికి మా అమ్మలాంటి అమ్మ ఉండి ఉంటుంది.

డిసెంబర్ 7, ఆదివారం

వచ్చాడు. పాటలు వాయించాడు. నా వైపు చూడలేదు. నా వేళ్లు రెండుసార్లు తప్పాయి.

అందరూ వెళ్లేదాకా ఆగాను. పెట్టె మూయలేదు, వంగలేదు. ఎదురుగా నిలబడి నోరు తెరిచాను —

"సుందర్, మీ పెద్దమ్మను మళ్లొకసారి పంపు. ఈసారి చాయ్ తాగొద్దని చెప్పు."

డోలక్ మీద చెయ్యి ఆగింది. ఏమీ అనలేదు. తల వంచి తాడు బిగించుకుంటూ కూర్చున్నాడు, చాలాసేపు... అప్పటికే బిగిసి ఉన్న తాడును.

ముఖం కనబడలేదు.