నియమం ప్రకారం టీ

పోర్ట్‌లెన్నీ, ఏప్రిల్ 9

కౌన్సిల్ సామాజిక సేవా విభాగంలోని మోర్వెన్ టల్లక్ గారికి,

హార్బర్ వీధి నుంచి నెట్టా గెడ్డిస్ రాస్తున్నాను. మీ ఉత్తరం అందింది. అందులో నన్ను ‘ఆసరా అవసరమైన వ్యక్తి’ అన్నారు. నేను ఈ ఊరి పిల్లలకు లాటిన్ చెప్పినదాన్ని. అప్పట్లో ఆసరా అవసరమైంది వాళ్లకి.

ఫిబ్రవరిలో మంచు మీద జారిపడ్డ మాట నిజమే. ఈ ఊళ్లో ఫిబ్రవరిలో జారిపడనిది పసిపిల్లలు, పాస్టరు గారు మాత్రమే. పిల్లలకు నడక రాదు, ఆయన బయటికి రారు. నా మణికట్టు విరిగింది, అతుక్కుంది. అంతే కథ.

మా అబ్బాయి గావిన్ మాత్రం అబర్దీన్ నుంచి మీకు ఫోన్ చేసి, నన్ను వృద్ధాశ్రమంలో పెట్టమన్నాడట. చిన్నప్పుడు వాడు పెంచిన కుందేలును కూడా, గూడు కడగాల్సిన రోజు రాగానే, ‘దానికి మంచి చోటు చూద్దాం’ అన్నాడు. మీ కమిటీ ఏం తేలిస్తే దానికి కట్టుబడతానని వాడికి మాటిచ్చాను, కమిటీ అన్నాక కాస్త బుద్ధి ఉంటుందన్న నమ్మకంతో.

నన్ను చూడటానికి ఎవరూ రానక్కర్లేదు. మీకే మనుషులు చాలడం లేదని పేపర్లో చదివాను. ఎవరైనా నిజంగా దిక్కులేని ముసలమ్మ ఉంటే చెప్పండి, వారానికోసారి నేను కనిపెట్టుకుంటాను.

ఇట్లు,
తన కాళ్ల మీద నిలబడే ఈ ఉత్తరం రాస్తున్న
నెట్టా గెడ్డిస్

తా.క.: మీ ఉత్తరంలో కామాలు తగ్గాయి. ఎర్ర సిరాతో పెట్టి తిప్పి పంపుతున్నాను.


కౌన్సిల్ ఆఫీసు, ఏప్రిల్ 15

గౌరవనీయులైన గెడ్డిస్ టీచర్ గారికి నమస్కారాలు.

కామాలకు కృతజ్ఞతలు. మీరు సాయానికి ముందుకొచ్చినందుకు మరీను. మీరు ఇంట్లో ఒంటరిగా ఉండగలరా లేదా అన్నది జూన్ ఆఖర్న కమిటీ తేలుస్తుంది. అది తప్పదు. ఈలోగా మీరన్నట్టే కానిద్దాం.

సీగేట్ వీధిలో క్రిస్సీ మచ్ గారని ఉన్నారు. ఒకప్పుడు ఇంటింటికీ తిరిగిన నర్సు. ఇకపై మంగళవారాలు ఆవిడ మీ ఇంటికి వస్తారు. నాలుగడుగులు బయటికి రావడం ఆవిడకు మంచిది.

సాయం చేసేవాళ్లకు మా నియమాలు మూడు. అవతలివాళ్లు చేసుకోగల పని మీరు చేసిపెట్టకూడదు. పక్కనుండి చూడాలి, అలా అయితేనే వాళ్ల చేతులకు పని గుర్తుంటుంది. అవుననో కాదనో తేలిపోయే ప్రశ్నలు అడగకూడదు. మీ బాధలు వాళ్లకు చెప్పకూడదు. చూసింది చూసినట్టు నాకు రాయండి, చాలు.

భవదీయురాలు,
మోర్వెన్ టల్లక్

తా.క.: నేను మీ దగ్గర లాటిన్ చదివాను. ఇప్పటికీ కవరు మీద మీ చేతిరాత చూస్తే నిటారుగా కూర్చుంటున్నాను.


హార్బర్ వీధి, ఏప్రిల్ 29

మోర్వెన్ గారికి,

మీరు పంపిన క్రిస్సీ మచ్ వచ్చింది. కోటు విప్పి, కుర్చీలో కూర్చుని, నన్ను ఎగాదిగా చూసింది. జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“ఈ వారం మీకెలా గడిచిందమ్మా?” అన్నాను, నియమం ప్రకారం.

“ముందు మీకెలా గడిచిందో చెప్పండి,” అంది.

“మీకు టీ ఎలా ఉంటే ఇష్టం?”

“మీరు మామూలుగా ఎలా పెట్టుకుంటారు?”

“కెటిల్ అదిగో, అక్కడుంది.”

“ఆఁ. చూశాను.”

ఇక ఇద్దరం కెటిల్‌ను చూస్తూ కూర్చున్నాం. ఆవిడ చేతులకు పని గుర్తు రావాలని నేను ఓపిక పట్టాను. రాలేదు. ఇంటికొచ్చిన మనిషిని టీ చుక్క లేకుండా సాగనంపడం మా వంశంలో ఇదే మొదటిసారి. మా అమ్మ గనక బతికి ఉంటే నన్ను ఇంట్లోంచి గెంటేసేది. వెళ్లేముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. వీడ్కోలేమో అనుకున్నాను. నాడి చూసింది.

ఇట్లు,
గొంతెండిన
నెట్టా గెడ్డిస్

తా.క.: పాపం, పోతూ పోతూ నా కోటు తొడుక్కుని పోయింది. మతిమరుపు కాబోలు. అయినా మంచి కోటే ఎంచుకుంది.


కౌన్సిల్ ఆఫీసు, మే 6

టీచర్ గారికి నమస్కారాలు.

మొదట్లో అలాగే ఉంటుంది. వంటింట్లో కూర్చుని చూడండి, కెటిల్ ఇంకాస్త దగ్గరవుతుంది. ఓపిక పడితే ఆవిడే లేస్తారు.

భవదీయురాలు,
మోర్వెన్

తా.క.: కోటు సంగతి ఆవిడకు చెప్పాను. తన కోటు మీరే దాచేశారని ఆవిడ అనుమానం.


హార్బర్ వీధి, జూన్ 18

మోర్వెన్ గారికి,

వంటింట్లోకి మారాం. లేవలేదు. పైగా నా ఫ్రిజ్ తెరిచి పాలు వాసన చూసింది. మెట్ల మీద చాప ఊడిందేమోనని కాలితో నొక్కి చూసింది. నిన్న అడిగింది కదా:

“కళ్లు తిరిగితే మీరేం చేస్తారు?”

“నాకు తిరగవు. మీకు తిరిగితే మీరేం చేస్తారు?”

“మీలాంటి మొండివాళ్లను చాలామందిని చూశానులెండి.”

“నేను బడిలో కూర్చోబెట్టి చూశాను.”

మనిషి చురుకైనదే. మాటకు మాట అందిస్తుంది. మంగళవారం దాటితే నాకు వారమంతా చప్పగా ఉంటోంది, అది వేరే సంగతి. కానీ చూసింది రాయమన్నారు గనక, మనసు చంపుకుని రాస్తున్నాను: ఇన్ని వారాలైనా ఆవిడ తనంతట తాను ఒక్క కప్పు టీ పెట్టుకోలేదు. ఒంటరిగా ఉంచడం క్షేమం కాదు. వృద్ధాశ్రమమే మేలు.

ఇట్లు,
విచారంతో
నెట్టా గెడ్డిస్

తా.క.: సముద్రం కనిపించే గది ఇప్పించండి. గోడ చూస్తూ ఊరుకునే రకం కాదు.


కౌన్సిల్ ఆఫీసు, జూన్ 20

టీచర్ గారికి,

తప్పు నాదే. క్రిస్సీ మచ్ గారిని కూడా కమిటీ ముందుకు తెమ్మని వాళ్ల అక్క కూతురు అడిగింది. ఆవిడా మీలాగే, ‘నాకెవరూ అక్కర్లేదు, నేనే ఎవరికైనా సాయం చేస్తా’ అని రాశారు. ఇద్దరిలో ఎవరినీ అలా వదిలెయ్యలేకపోయాను. మీకిచ్చిన నియమాలే ఆవిడకూ ఇచ్చాను. మంగళవారాలు ఆవిడ మిమ్మల్ని కనిపెట్టుకోవడానికి వస్తున్నారు.

మీ ఉత్తరం వచ్చిన టపాలోనే ఆవిడదీ వచ్చింది: ‘ఇన్ని వారాలైనా నెట్టా గెడ్డిస్ ఒక్క కప్పు టీ పెట్టుకోలేదు. వృద్ధాశ్రమమే మేలు.’ అచ్చం అదే మాట. గురువారం రెండూ కమిటీ ముందుకు వెళ్తాయి. వాటిని చింపే అధికారం నాకు లేదు.

నియమం నేనే తప్పి అడుగుతున్నాను. మీరు ఒక్కరే టీ పెట్టుకోగలరా? అవునా, కాదా?

మోర్వెన్

తా.క.: ఈ ఉత్తరంలో కామాలు చూసుకునే స్థితిలో లేను.


హార్బర్ వీధి, జూన్ 24

మోర్వెన్‌కి,

నా దగ్గర చదివినదానివి గనక ఇక ‘నువ్వు’ అంటాను.

నీ ఉత్తరం చదివి, దొరికిన కోటు తగిలించుకుని సీగేట్ వీధికి పోయాను. క్రిస్సీ గుమ్మంలోనే ఉంది, తనకొచ్చిన నీ ఉత్తరం పట్టుకుని నా దగ్గరికే బయల్దేరుతూ.

“నన్ను ఆశ్రమంలో పడెయ్యమని రాశావట?”

“నువ్వు రాయలేదూ?”

“నేను నీకు సముద్రం కనిపించే గది అడిగాను!”

“నేను నీ గదికి తాళం అడిగాను, పారిపోతావని.”

లోపలికెళ్లి కూర్చున్నాం. అక్కడా ఒక కెటిల్. ఇద్దరం దానివంక చూడలేదు.

“నియమం సరే. ఇంతకీ నువ్వెందుకు లేవలేదే, నెట్టా?” అంది చివరికి.

మణికట్టు చూపించాను. “కలం ఎత్తుతుంది. నిండు కెటిల్ ఎత్తదు. మార్చిలో కాలి మీద వేణ్నీళ్లు పోసుకున్నాను. గావిన్‌కు చెప్పలేదు. మరి నువ్వు?”

“కళ్ల ముందు, సరిగ్గా నడిమధ్య, పొగ కమ్మినట్టుంటుంది. కప్పు అంచు కనబడదు. వేలు పెట్టి చూసుకుంటే కాలుతుంది.” మళ్లీ తనే అంది, “ఊరందరి కళ్లలో మందు వేసినదాన్ని. ఎవరితో చెప్పుకోను?”

అప్పుడు టీ పెట్టాం. ఆమె ఎత్తింది, నేను చూశాను.

“ఎడమకి. ఇంకాస్త. చాలు, చాలు, ఆపవే!”

“అరవకు, నేనేం నీ క్లాసులో లేను.”

సగం బల్ల తాగింది, మిగతాది మేం తాగాం.

నీ ప్రశ్నకు జవాబు: కాదు. నేనొక్కదాన్నే టీ పెట్టుకోలేను. ఆమె కూడా ఒక్కతే పెట్టుకోలేదు. ఇది గురువారం కమిటీకి గట్టిగా చదివి వినిపించు. ఆ తర్వాత ఇది చదువు: సోమవారం నుంచి క్రిస్సీ మా వెనక గదిలో ఉంటుంది. మేం ఒంటరిగా ఉండగలమా అన్నది కదా కమిటీ తేల్చాల్సింది? మేం ఒంటరిగా ఉండటం లేదు. వాళ్లను వేరే పని చూసుకోమను.

ఇట్లు,
నెట్టా గెడ్డిస్, క్రిస్సీ మచ్

తా.క.: ఎత్తే పని లేకుండా వంచి పోసుకునే కెటిల్ స్టాండు మీ దగ్గర ఉంటుందట. కప్పు నిండగానే కూతపెట్టే బిళ్ల కూడా ఉంటుందట. రెండూ పంపు. క్రిస్సీకి మీ దగ్గర తీసుకోవడం నామోషీ, అందుకని బిళ్ల నా పేరున పంపు. స్టాండు ఆమె పేరున పంపు.