జీపీఎస్ చూపించిన మంద

కేతేపల్లి పర్వతాలు చిన్నాయినకు,

విమానం నడపడం నేర్చుకుంటున్న నీ అన్న బిడ్డ దండాలు.

గొర్రెలతో వలస పోయేటప్పుడు నువ్వు కొన్న చేతి జీపీఎస్ నాకిచ్చావు కదా, దాని గురించే ఈ ఉత్తరం. కొత్తవాటి ధరలు వింటేనే కళ్లు తిరిగాయి. నీది పాతదైనా ఎండలో తెర కనిపిస్తుంది, ఫోను సిగ్నల్ అక్కర్లేదు, పెన్సిల్ సెల్లు వేస్తే చాలని తీసుకున్నాను.

నిన్న గాలిలో ఉండగా నాకు విమానం నేర్పే ఆతిఫ్ సారు విమానంలోని జీపీఎస్ మీద రుమాలు కప్పి, "గిది ఖరాబైందనుకో బిడ్డా. ఎయిర్‌స్ట్రిప్‌కు తీస్కపో" అన్నారు. ఎయిర్‌స్ట్రిప్‌నే 'ఇల్లు'గా పెట్టుకున్నాననే ధీమాతో నేను నీ దాంట్లో అది నొక్కి, బాణం చూపినవైపే పోయాను. 'చేరుకున్నారు' అని వచ్చింది. కింద రన్‌వే లేదు. నీ మంద ఉంది. నువ్వు ఎవరో అనుకొని తువ్వాల ఊపుతున్నావు.

"మిషిన్ మంచిదే. జర గా మీ చిన్నాయిన పెట్టిన పాత గుర్తులు తుడిచెయ్" అన్నారు సారు, నవ్వు ఆపుకోలేక. తుడిచేశాను.

కానీ చిన్నాయినా, ఎరువు కోసం ఈ నెలంతా మంద మా చేనులోనే పెడతానని బాపుకు మాటిచ్చావు. నిన్న మంద పక్కన కనిపించిన నీలిరేకుల బోరు గది మా చేనులోది కాదు, నరసింహ చేనులోది. బాపుకు ఇంకా చెప్పలేదు.

సోమవారం మళ్లీ అటే ఎగురుతున్నాను.

ఇట్లు,
కింది నుంచి నువ్వు గుర్తుపట్టని
నీ బిడ్డ