తాళం లేని అల్మార

తార్నాక, 9-8-1995

ఉప్పలమ్మక్కకు, దేవుని దయవల్ల అందరం బాగున్నాం, దిగులు పడకు.

నేను పోగుచేసిన పాత తాళంకప్పలకు ఇన్సూరెన్సు చేయిద్దామని కంపెనీ ఆయన్ని ఇంటికి పిలిచాను. అన్నీ చూసి మురిసిపోయి చివరికి, "సార్, గిన్ని తాళాలున్నయి, అల్మారకే తాళం లేదేంది? అది ఏస్తేనే ఇన్సూరెన్సు అయితది" అన్నాడు. మీ మరదలు నవనీత నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది.

ఉన్నవాటిలో ఒకటి వాడడానికి నాకు మనసొప్పలేదు. కాలేజీ నుంచి వస్తూ కొత్తది కొనుక్కురమ్మని నిరోషకు చెప్పాను. నా బిడ్డ క్యాంపస్ నుంచి తుప్పు పట్టిన తాళం తెచ్చింది, దానికి చెవి కూడా లేదు! "హాస్టల్ల పాత తలుపులు తీసేస్తున్నరు నాన్నా. గిది పారేస్తుంటే పాణం ఒప్పలే" అన్నది. ఇన్నేళ్లూ నావి ఇనుప ముక్కలని ఎక్కిరించిన పిల్ల! నా తర్వాత అన్నీ దానికేనని ఆ పూటే రాసిపెట్టాను.

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నాన్న వడ్ల గదికి వేసిన తాళం అడిగితే, "నీ తర్వాత పాతసామానోని పాలైతది" అని ఇవ్వనన్నావు. ఇప్పుడేమంటావు? దసరా సెలవులకు నిరోష వస్తుంది, దాని చేతికే ఇవ్వు.

బావకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. అల్మారకు ఇంకా తాళం లేదు, ఊళ్లో ఎవరికీ చెప్పకు.

నీ తమ్ముడు
సామేలు