పురుగు మీద అనుమానం

12-1-1941, బొల్లాపల్లి
వ్యవసాయ శాఖ ఆఫీసు నుంచి రెండు గంపల నాగజెముడు మట్టలు వచ్చాయి. వాటి నిండా దూదిలా తెల్లటి పురుగు. వేలితో నలిపితే నెత్తురు రంగు. బీళ్లను కమ్మేసిన జెముడును చంపడానికి తెప్పించారు. ఇది జెముడును తప్ప ఇంకేదీ తినదట. ఆ మాట టెస్టు చేసి రిపోర్టు రాయాల్సింది డిమాన్‌స్ట్రేటరునైన నేను. నాకు నమ్మకం లేదు. ఆకలేస్తే ఏ ప్రాణి ఊరుకుంటుంది?

టెస్టు మొక్కల కుండీలు పెట్టుకోవడానికి గోపాలకృష్ణయ్య గారు తన చావడి ఇచ్చారు. టెస్టయ్యాక పురుగును వదిలేది ఆయన బీడులోనే. పురుగు పాకేలా, పురుగున్న మట్టను మంచి మట్టకు జనపనారతో ఎలా కట్టాలో అడిగి మరీ నేర్చుకున్నారు. పెద్ద రైతుకు ఇంత శ్రద్ధా అని ముచ్చటేసింది.

19-1
మిరప మీద పిల్లపురుగులు చచ్చాయి. పత్తి మీదా అంతే. లెన్సుతో మూడుసార్లు చూశాను. నటిస్తున్నాయేమో!

26-1
ఆముదం మీదా బతకలేదు. అయినా అనుమానం పోలేదు.

2-2
బీడులో వదిలాం. గోపాలకృష్ణయ్య గారి చేను పక్కనే ఆదెమ్మ ఎకరం. ఒంటరి మనిషి. హద్దురాయి ఎప్పుడో పోయింది, జెముడు కంచే హద్దు. ఏందయ్యా, నా కంచె గూడా తింటదా అని నిలదీసింది. బీడు రెండు ఫర్లాంగుల దూరం, ఇటు రాదని మాటిచ్చాను.

9-3, సాయంత్రం
ఆదెమ్మ కంచె తెల్లబడింది. మాటిచ్చి పురుగును తోలినావే, నువ్వేం మనిషివయ్యా అని తిట్టింది. పడ్డాను. గాలికి ఎగిరొచ్చిందనుకున్నాను. దీన్ని నమ్మకూడదని మొదట్నుంచీ అనుకుంటున్నదే.

కంచెలోకి చేయి పెట్టి చూశాను. ఒక మట్టకు జనపనార కట్టి ఉంది. వెతికితే ఇంకో ఏడు చోట్ల. గాలి ముడి వేయదు. రెండు చుట్లు, ఒక ముడి. నేను నేర్పిన కట్టే. ఈ ఊళ్లో నేర్పింది ఒక్కరికే.

ఒక ముడి కోసి జేబులో వేసుకున్నాను. తెల్లబడ్డ మట్టలు నరికి తగలబెట్టాం. అప్పటికే పురుగు కంచెంతా పాకింది.

11-5
కంచె కుళ్లి కూలింది. గోపాలకృష్ణయ్య నాగలి ఆదెమ్మ చేలోకి ఎనిమిది సాళ్లు వచ్చింది. ఆమె అడ్డం పడితే, హద్దేదో చూపించమన్నాడట. నన్ను చూసి, పురుగు మంచిదేనని నా చావడిలోనే తేలింది గదండీ, రిపోర్టు రాశారా అని నవ్వాడు.

కుండీల ముందు కూర్చున్నన్నాళ్లూ పురుగునే అనుమానించాను. నా వెనక నిలబడ్డ మనిషిని ఒక్కసారైనా తిరిగి చూడలేదు. సిగ్గేస్తోంది.

12-5
ఫారంలో ప్రశ్న ఒక్కటే: జెముడు కాక మరే మొక్కకైనా హాని ఉందా? లేదని రాశాను. అది నిజం.

కింద ఆదెమ్మ పేరు, ఎనిమిది సాళ్లు రాశాను. గోపాలకృష్ణయ్యకు మట్టలు కట్టడం నేర్పింది నేనేనని కూడా రాశాను. రిపోర్టుతో పాటు ముడిని కవరులో పెట్టి అంటించాను.