పక్క సీటు బ్రేకు

మే 10, సోట్కమో

మా హెల్లెవి అక్కకి,

ఉత్తరం చూసి కంగారు పడకు, అన్నీ శుభవార్తలే. మన పిహ్లాకి కారు నేర్పడానికి నాకు అనుమతి వచ్చేసింది. డ్రైవింగు బడికి పంపుదామని మా ఆయన గొణిగాడు గానీ, ఇరవై ఎనిమిదేళ్లుగా మంచులోనూ బురదలోనూ కారు నడుపుతున్న తల్లి ఇంట్లో ఉండగా పరాయివాడెందుకు? మెకానిక్కు వచ్చి, పక్క సీట్లో కూర్చుంటే నా కాలికి అందేలా రెండో బ్రేకు బిగించాడు. తనిఖీ కూడా అయింది. ఆగస్టులో పిల్లకి కాయానిలో నర్సింగు చదువు మొదలవుతుంది. మా ఊరి బస్సు తీసేశారు కాబట్టి, అప్పటికి అది ఒంటరిగా నలభై కిలోమీటర్ల అడవి దారి వెళ్లి రాగలగాలి.

ముందున్న కారుకీ మనకీ మధ్య మూడు సెకన్లు, వాన పడితే ఆరు. చూపు దారి చివర ఉండాలి. ఫోను వెనక సీట్లో పడెయ్యాలి. ఇవన్నీ నూరిపోశాను. మొదటి రోజే అడిగింది:

"అమ్మా, దుప్పి అడ్డమొస్తే?"

"ముందు బ్రేకు. తప్పించాల్సి వస్తే దాని వెనక నుంచి. అది పోయేవైపు తిప్పావా, నేరుగా దాని కాళ్లలోకే పోతావు."

"నీకెవరు చెప్పారు?"

"ఈ అడవిలో పుట్టినవాళ్లకి ఒకళ్లు చెప్పాలా ఏంటే!"

ఇప్పటిదాకా ఒక్కసారి కూడా గుండె గుభేలుమనలేదంటే నమ్ము. ఇంత మంచి టీచర్నని నాకే తెలీదు. వచ్చే నెల జారుడు నేల మీద శిక్షణ ఉంది, అక్కడ నా కూతురు అందరి నోళ్లూ మూయిస్తుంది. నువ్వు ఈ వేసవికైనా రా. ఆరేళ్లుగా ఏదో ఒక వంక చెబుతూనే ఉన్నావు.

నీ గొప్పల చెల్లెలు,
ఐరి

*

జూన్ 17, సోట్కమో

అక్కా,

నా నోరే మూతపడింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

శిక్షణ మైదానంలో నేలంతా నీళ్లు కొట్టి గాజులా నున్నగా చేస్తారు. అక్కడి కార్లలో రెండో బ్రేకు లేదు. నన్ను గట్టు మీద నిలబెట్టారు. పిహ్లా యాభైలో వస్తుంటే, పక్క నుంచి నిలువెత్తు రబ్బరు దుప్పిని దారిలోకి తోశారు. నా కూతురు దాన్ని చక్కగా చూస్తూ, చక్కగా స్టీరింగు పట్టుకుని, నేరుగా వెళ్లి గుద్దేసింది. బ్రేకు మీద కాలే పెట్టలేదు.

"ఎందుకమ్మా ఆపలేదు?" అని అడిగాడు శిక్షకుడు. కౌకో అని, ఎవరితోనూ గట్టిగా మాట్లాడని పెద్దమనిషి.

"మామూలుగా... కారు దానంతటదే నెమ్మదిస్తుంది కదా," అంది పిహ్లా.

మిగతా పిల్లలు పగలబడి నవ్వారు. కౌకో మాత్రం నా వైపు తిరిగి, "ఆ పిల్ల కాలు ఎక్కడుందో చూశాను. ఇంటి దగ్గర మీ కాలు ఎక్కడుంటుందండీ?" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. ప్రతి మలుపులోనూ, చెట్ల మధ్య ప్రతి నీడ దగ్గరా నా కుడికాలు ఆ పెడల్‌ని మెత్తగా నొక్కుతూనే ఉంది. పిల్లకి తెలియదు, నాకూ తెలియదు. ప్రమాదం రాలేదని నీకు గొప్పగా రాశానే, అది పిల్ల నేర్చుకున్నందుకు కాదు, దాని బదులు నేను భయపడుతున్నందుకు. ఎందుకంత భయమో ఆలోచిస్తూ మూడు రోజులు కూర్చున్నాను. నిజానికి ఆలోచించాల్సిన పనేమీ లేదు, నాకు తెలుసు. నీకే తెలియదు.

ఆ అక్టోబరు సాయంత్రం నువ్వు అరిచావు, నేను ఉలిక్కిపడి స్టీరింగు తిప్పాను, కారు పైన్ చెట్లకి కొట్టుకుంది, నీ భుజం విరిగింది. ఇంట్లో అందరూ ఇలాగే చెప్పుకుంటారు. నువ్వూ ఇదే నమ్ముతున్నావు. ఇది అబద్ధం అక్కా. నువ్వు అరవడానికి ముందే నేను దుప్పిని చూశాను. ఎనభై దాటకూడని దారిలో తొంభై ఐదులో ఉన్నాను. ఎడమ నుంచి వచ్చింది. దాని వెనక బోలెడు చోటుంది. నేను కుడికి, అది పోయేవైపే తిప్పాను. అప్పటికే తిప్పేశాక నువ్వు అరిచావు. ఆస్పత్రిలో కట్టు కట్టించుకుంటూ "నేను నోరు మూసుకుని ఉంటే ఇలా అయ్యేది కాదు" అని నువ్వు ఏడిస్తే, నేను నీ చెయ్యి పట్టుకుని ఊరుకున్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు ఆరేళ్లయింది. ఇదంతా నిన్న పిహ్లాకి కూడా చెప్పేశాను. ఇకనుంచి కాళ్లు మడిచి సీటు మీద పెట్టుకునే నేర్పుతాను, అవసరమైతే తప్ప కిందికి దించను.

నన్ను తిట్టు, కానీ జవాబు రాయి.

ఐరి

*

ఆగస్టు 9, రైల్లోంచి

ఐరీ,

జవాబు రాయకుండా తిన్నగా ఊడిపడ్డానని నీకు కోపమొచ్చి ఉంటుంది. మీ ఇంట్లో వారం రోజులున్నా నీతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు, నీ యాలకుల బన్నులు మాత్రం మొహమాటం లేకుండా తిన్నాను. కోపం అంత పెద్దది. ఈ ఆరేళ్లూ నేను ఎవరి కారు ఎక్కినా నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను, తెలుసా? మీ బావ కార్లో కూడా వెనక సీట్లోనే. సైకిలు మీద ఒక పిల్లాడు అడ్డమొస్తున్నా నోరు విప్పలేదు. మీ బావ చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. నోరు విప్పితే మనుషులు చస్తారనుకున్నాను. అది నీ వల్ల.

ఇవాళ స్టేషన్‌కి నువ్వు రావద్దన్నాను. కొత్త లైసెన్సు పుచ్చుకున్న నీ కూతురు తీసుకొచ్చింది. వెనక ఎక్కబోతే, "ముందు కూర్చో పెద్దమ్మా, వెనక పెట్టెలున్నాయి," అంది. కూర్చున్నాను. నీ పెడల్ పీకేసిన చోట రెండు బోల్టు కన్నాలు కనిపించాయి. పిల్ల స్పీడు ముల్లుని ఎనభై దాటనివ్వలేదు. వెనక ఒక వ్యాను మీద మీదకొస్తుంటే కంగారు పడకుండా నెమ్మదించి దాన్ని ముందుకు పోనిచ్చింది.

చెరువు దాటాక కుడివైపు పొదల్లో ఏదో కదిలింది. రుమాలు చేతిలోనే ఉంది. నోరు తెరిచాను.

"కుడివైపు! పొదల్లో!"

కారు పక్కకి తిరక్కుండా తిన్నగా ఆగింది. తల్లి దుప్పి తాపీగా దారి దాటింది. దాని వెనక చోటు ఖాళీగానే ఉంది, పోదాం అన్నాను. పిహ్లా కదల్లేదు. "ఆగు పెద్దమ్మా, తల్లి ఒక్కతే రాదు," అంది. రెండు క్షణాలకి పిల్ల దుప్పి బయటికొచ్చి మా బానెట్ ముందు నిలబడింది. అది పోయాక నీ కూతురు నా వైపు తిరిగి ఏమందో తెలుసా? "అబ్బ, భలే అరిచావు! నేను ఎడమవైపు చూస్తున్నా. నువ్వు చెప్పకపోతే గుద్దేసేదాన్ని."

అప్పుడు ఏడ్చాను ఐరీ. దారి పక్కన కారు ఆపించి, రైలు తప్పిపోతుందేమో అన్నంతసేపు ఏడ్చాను. పిల్ల తొందరపెట్టలేదు.

నిన్ను క్షమించానని ఇప్పుడే రాయను, అది ఇంకా అవలేదు. సెప్టెంబరులో మళ్లీ వస్తాను. స్టేషన్‌కి నువ్వే రా. నువ్వు నడిపే కార్లో ముందు సీట్లోనే కూర్చుంటాను, కనిపించిందల్లా అరిచి చెబుతాను. నువ్వు వినాలి.

మీ అక్క,
హెల్లెవి