మళ్ళీ గొట్టం పరీక్షకి

అక్కా,

పాలు కాచి మూతపెట్టాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. కుట్టుమెషీన్ మీదున్న యూనిఫాం కోసం ఎదురింటి డ్రైవరు వస్తాడు. గుండీలు కుట్టేశాను, ఇచ్చెయ్యి.

బరువు తగ్గే ఆపరేషన్‌కి ముందు చేస్తారే, ఆ గొట్టం పరీక్షకి మళ్ళీ వెళ్తున్నాను. పోయినసారి గొంతులోకి దిగగానే ఊపిరాడక నా చేత్తో నేనే లాగేశాను. "ఇది కాకపోతే ఆపరేషన్ లేదమ్మా" అనేశాడు డాక్టరు. ఈసారి మత్తిస్తారట. అయినా లేచిన దగ్గర్నుంచీ నా ఉమ్మి నేనే మింగలేకపోతున్నాను, గొట్టమెలా మింగుతానో తెలీదు.

నిన్న నువ్వు "నోరు కట్టుకుంటే ఇవన్నీ ఎందుకే" అన్నావు. కట్టుకోలేదా అక్కా? నాకు తోడుగా పస్తులున్నది నువ్వే కదా. నువ్వు చిక్కి సగమయ్యావు, నేను మాత్రం ఇలాగే ఉన్నాను. ఇంకేం చెయ్యాలో నాకు తోచడం లేదు.

నీ మొహం చూస్తే ఏడ్చేసి ఇంట్లోనే ఉండిపోతానని లేపలేదు.

మత్తు దిగాక ఒంటరిగా పంపరట. ఎవరొస్తారని అడిగితే నీ పేరే చెప్పాను. కోపం తగ్గకపోయినా మధ్యాహ్నం ఆస్పత్రికి రా. వచ్చాక తిట్టు.